అణా ఫలహారం



సెంట్రల్ స్టేషన్‌లో రైలు దిగి పార్కు టౌను వైపు వచ్చిన వాళ్ళందరికీ తెల్లని రిప్పన్ భవనం కనిపిస్తుంది. మదరాసు నగరపాలక సంస్థ, అంటే కార్పొరేషన్, 1913 నుంచి ఆ భవనంలోనే ఉంది. ఆ ఆవరణలో ఒక విగ్రహం ఉంది. రోజూ ఆ దారిన బస్సుల్లో వేలమంది వెళుతుంటారు. ఆయన ఎవరని అడిగితే ఎంతమంది చెప్పగలరు? పోనీ, ఇంకో ప్రశ్న. మనం పండగకు చీరలు కొనడానికి టి.నగర్ వెళతాం. పాండీబజారు, పానగల్ పార్కు, అన్నీ మనకు కొట్టిన పిండే. ఆ 'టి' అన్న అక్షరం ఎవరి పేరు? మా తొమ్మిదో తరగతి పిల్లలను అడిగితే ఒకడు లేచి "టెంపుల్ నగర్ మిస్" అన్నాడు. అందరూ నవ్వారు గాని, నవ్విన వాళ్ళకూ జవాబు తెలియదు.

అది త్యాగరాయ నగర్. విగ్రహం కూడా ఆయనదే. ఆయనే సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. మన తెలుగువాడు, మదరాసులో స్థిరపడిన దేవాంగుల కుటుంబంలో పుట్టినవాడు. రాజకీయ చరిత్రలో ఆయనను జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరిగా చెబుతారు. అది నిజమే. అయితే ఈ రోజు నేను మీకు చెప్పదలచింది ఆ పార్టీ కథ కాదు. ఒక అణా కథ. బడికి వచ్చిన బీద పిల్లవాడి చేతిలో ఒక పూట ఫలహారం పెట్టడానికి నూరేళ్ళ క్రితం ఈ నగరం ఖర్చుపెట్టిన అణా కథ.

ముందు నా సంగతి ఒక్కమాట. బి.ఇడి. చదివేటప్పుడు మాకు మనస్తత్వశాస్త్రంలో 'ప్రేరణ' అని ఒక పాఠం ఉండేది. పిల్లల్లో ఆసక్తి కలిగించడం ఎలా, పాఠాన్ని కథతో మొదలుపెట్టాలా, బొమ్మతో మొదలుపెట్టాలా అని ఛార్టులు గీసి మరీ నేర్చుకున్నాం. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఆ ఛార్టులన్నీ పక్కన పెట్టవలసి వచ్చింది. ఉదయం మొదటి పీరియడు. నేను ఎంతో శ్రద్ధగా పాఠం చెబుతున్నాను. ముందు వరసలో కూర్చున్న ఒక పిల్లవాడు చెయ్యి ఎత్తాడు. సందేహం అడుగుతాడేమోనని సంబరపడ్డాను. "మిస్, అన్నం బెల్లు ఎప్పుడు కొడతారు?" అని అడిగాడు. అప్పటికి టైము పదిన్నర కూడా కాలేదు. ఆరా తీస్తే రాత్రి కూడా వాడు సరిగా తినలేదని తెలిసింది. ఆకలిగా ఉన్నవాడికి ప్రేరణ పాఠం ఏం చెబుతాం చెప్పండి? త్యాగరాయ చెట్టి గారి పేరు పాఠ్యపుస్తకంలో తేదీగా కాక మనిషిగా నాకు కనిపించడం ఆ రోజు నుంచే మొదలైంది.

ఆయన 1852లో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. చదివి 1876లో పట్టా పుచ్చుకున్నారు. అప్పట్లో బి.ఏ. పట్టా అంటే సర్కారు కొలువు చేతికి వచ్చినట్టే. ఆయన కొలువుకు పోలేదు, మగ్గానికి వెళ్ళారు. సుమారు నూరు మగ్గాలతో నేత శాల నడిపారు. చేత్తో నాడె విసరనక్కరలేకుండా, తాడు లాగితే నాడె అటూ ఇటూ పరుగెత్తే ఫ్లై షటిల్ పద్ధతిని నేతగాళ్ళలోకి తీసుకురావడానికి పాటుపడ్డారు. నేతవాళ్ళ ఇళ్ళు చూసిన వాళ్ళకు ఒక సంగతి తెలుసు. అక్కడ మగ్గం మీద కూర్చునేది ఒక్కరే అయినా పని చేసేది ఇల్లంతా. నూలు తోడడం, కండెలు చుట్టడం, అచ్చు అతకడం. కండెలు చుట్టే పని పిల్లలది. ఆ పిల్లవాడు బడికి వెళితే ఆ పూట కండెలు చుట్టే చేతులు తగ్గుతాయి. కనుక బీదవాడికి బడి ఖరీదు జీతం ఒక్కటే కాదు, పిల్లవాడు చేయని పని ఖరీదు కూడా. ఈ లెక్క పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం త్యాగరాయ చెట్టి గారికి ఉండి ఉండదు.

1882లో ఆయన కార్పొరేషన్ సభ్యులయ్యారు. సుమారు నలభై ఏళ్ళపాటు ఆ సభను విడిచిపెట్టలేదు. నీటి కుళాయిలు, వీధి దీపాలు, మురుగు కాలువలు, ఇలాంటి వాటి మీద నాలుగు దశాబ్దాలు మాట్లాడిన మనిషి. చివరకు దానికి అధ్యక్షులయ్యారు. ఇప్పుడు మేయరు అంటున్న పదవి మదరాసులో 1933లో వచ్చింది. అంతకుముందు అధ్యక్షుడే సభకు పెద్ద.

ఇక ఆనాటి చదువుల పరిస్థితి చూద్దాం. 1906లో బరోడా మహారాజు శాయాజీరావు తన సంస్థానమంతటా ప్రాథమిక విద్యను నిర్బంధం చేశారు. బ్రిటిషు ఇండియాలో కూడా అలా చేయాలని గోపాలకృష్ణ గోఖలే 1911లో కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. అది నెగ్గలేదు. డబ్బు లేదన్నారు, జనం సిద్ధంగా లేరన్నారు. మన మదరాసు రాష్ట్రంలో 1920లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. మునిసిపాలిటీలు, తాలూకా బోర్డులు కావాలనుకుంటే విద్యా పన్ను వేసుకోవచ్చు, పిల్లలను బడికి పంపడం నిర్బంధం చేయవచ్చు, అందుకని ప్రాథమిక విద్యా నిధి అని ఒక ప్రత్యేక నిధి ఉంచుకోవాలి అని ఆ చట్టం చెప్పింది. ఈ నిధి పేరు కాస్త గుర్తు పెట్టుకోండి. కథ చివర మళ్ళీ వస్తుంది.

అంటే చట్టం బడి తలుపు తెరిచింది. మరి పిల్లలు రావాలి కదా? తండ్రికి జరిమానా వేస్తే పిల్లవాడు బడి దాకా రావచ్చు. వచ్చి కూర్చోవాలంటే, కూర్చుని వినాలంటే, కడుపులో ఏదో ఒకటి పడాలి. ఈ సంగతి ఇంగ్లండు కూడా ఆలస్యంగానే గ్రహించింది. అక్కడ నిర్బంధ విద్య వచ్చిన ఎన్నో ఏళ్ళకు, 1906లో, బడిలో బీద పిల్లలకు భోజనం పెట్టే అధికారం స్థానిక సంస్థలకు ఇస్తూ చట్టం చేశారు. నిర్బంధం ముందు, అన్నం తరువాత వచ్చింది. మదరాసులో ఈ రెండూ ఒకే ఏడాది వచ్చాయి.

1920 సెప్టెంబరు 16న కార్పొరేషన్ సభలో ఒక తీర్మానం ఆమోదించారు. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో చదివే పిల్లలకు ఫలహారం పెట్టాలి. తలకు రోజుకు ఒక అణాకు మించి ఖర్చు చేయరాదు. ఆ బడి పిల్లలు బీదవాళ్ళనీ, ఆ బీదతనం వల్లనే బడిలో సంఖ్య దెబ్బ తింటున్నదనీ త్యాగరాయ చెట్టి గారి వాదన. థౌజండ్ లైట్స్ మీకు తెలియనిది కాదు, మౌంటు రోడ్డు మీద మసీదు ఉన్న చోటు. తమిళులు ఆయిరం విళక్కు అంటారు. మనం వెయ్యి దీపాలు అనుకోవచ్చు. వెయ్యి దీపాల పేట బడిలో నూట అరవై ఐదు పొయ్యిలు వెలిగినట్టయింది. మొదట లబ్ధి పొందిన పిల్లలు 165 మందే మరి.

ఒక అణా అంటే ఎంతో ఈ తరం పిల్లలకు చెప్పాలి. రూపాయికి పదహారు అణాలు. 165 మందికి రోజుకు తలా ఒక అణా చొప్పున అంతా ఖర్చయినా 10 రూపాయల 5 అణాలు. నెలకు 22 రోజులు బడి నడిచిందనుకుంటే 226 రూపాయల 14 అణాలు. మదరాసు వంటి మహానగరపు ఖజానాకు ఇది ఏపాటి? నేను మా ఎనిమిదో తరగతి పిల్లల చేత ఈ లెక్క చేయిస్తుంటాను. లెక్కా వస్తుంది, చరిత్రా వస్తుంది. లెక్క పూర్తయ్యాక ఒక అమ్మాయి అడిగింది: "ఇంత తక్కువైతే అంతకు ముందు ఎవరూ ఎందుకు పెట్టలేదు మిస్?" ఇంత మంచి ప్రశ్న నేను ఏ శిక్షణ తరగతిలోనూ వినలేదు.

తక్కువ డబ్బు కాబట్టి ఎవరైనా పెట్టేస్తారనుకోవడం పొరపాటు. డబ్బు కన్నా ముందు అది కార్పొరేషన్ పని అని ఒప్పుకోవాలి. అన్నం పెట్టడం దాతల పని, ధర్మసత్రాల పని అనుకునే రోజులవి. మన తెలుగునాట డొక్కా సీతమ్మ గారి వంటి తల్లులు గోదావరి సీమలో ఎందరికో అన్నం పెట్టి పుణ్యాత్ములయ్యారు. వారికి చేతులెత్తి మొక్కుదాం. కాని దాత కన్నుమూస్తే సత్రం మూతపడవచ్చు. సభ తీర్మానం చేసి, ఖర్చు రాసి, పద్దు పెడితే అది హక్కుకు మొదటి మెట్టు అవుతుంది. త్యాగరాయ చెట్టి గారు చేసిన పని ఇదే. అన్నదానాన్ని తీసుకువచ్చి బడ్జెట్టు పుస్తకంలో కూర్చోబెట్టారు.

ఫలితం ఏమైంది? ఈ పథకాన్ని మరో నాలుగు బడులకు విస్తరించారు. ఆ ఐదు బడుల్లో 1922-23లో 811 మంది పిల్లలుంటే 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. రెండేళ్ళలో రెట్టింపు దాటిందన్న మాట. బీదవాళ్ళకు చదువు మీద ఆసక్తి లేదు అనే వాళ్ళకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

ఈలోగా త్యాగరాయ చెట్టి గారి జీవితంలో ఇంకో ఘట్టం నడిచింది. 1916లో ఆయనా, డాక్టర్ టి.ఎం. నాయర్, డాక్టర్ సి. నటేశ ముదలియారు కలిసి దక్షిణ భారత ఉదారవాద సమాఖ్యను స్థాపించారు. వాళ్ళ ఇంగ్లీషు పత్రిక పేరు 'జస్టిస్' కావడంతో పార్టీకి అదే పేరు స్థిరపడింది. తమిళంలో 'ద్రావిడన్', తెలుగులో 'ఆంధ్ర ప్రకాశిక' వాళ్ళ పత్రికలు. ఆ ఏడాది డిసెంబరులో త్యాగరాయ చెట్టి గారు విడుదల చేసిన బ్రాహ్మణేతర ప్రకటనలో చదువు ప్రస్తావన కూడా ఉంది. మన పిల్లలను, మగపిల్లలనూ ఆడపిల్లలనూ, ఇంకా ఎక్కువమందిని చదివించాలి అన్నది అందులోని పిలుపు. 1920 ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచింది. గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు మంత్రివర్గం ఏర్పాటు చేయమని త్యాగరాయ చెట్టి గారిని పిలిచారు. ఆయన ఆ పదవి వద్దన్నారు. ఎ. సుబ్బరాయలు రెడ్డియారు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 1921లో ఆ స్థానానికి పానగల్ రాజా, అంటే కాళహస్తికి చెందిన పానగంటి రామరాయణింగారు వచ్చారు. త్యాగరాయ చెట్టి గారు శాసనసభలో సభ్యులుగా, పార్టీకి పెద్దగా ఉండిపోయారు.

మంత్రి పదవి వద్దనుకున్న మనిషి కార్పొరేషన్‌లో పిల్లల ఫలహారం గురించి పట్టుబట్టడం చూడండి. నాకు ఇది ఆయన గొప్పతనమని పొగడడం కన్నా, ఆయన లెక్క అనిపిస్తుంది. ద్వంద్వ ప్రభుత్వం రోజులవి. విద్యాశాఖను భారతీయ మంత్రికి ఇచ్చారు. ఖజానా తాళం మాత్రం గవర్నరు కార్యనిర్వాహక మండలి దగ్గరే ఉండేది. విద్యామంత్రి ఏ పథకం వేసినా డబ్బుకోసం చెయ్యి చాచవలసిందే. కార్పొరేషన్‌లో అయితే సొంత పన్ను, సొంత పద్దు. చిన్న గదే అయినా తాళం మన చేతిలో ఉంది.

ఉన్నత విద్య విషయానికి వస్తే, ఆ మంత్రివర్గంలో విద్యాశాఖ చూసిన సర్ ఎ.పి. పాత్రో గారిని తలచుకోవాలి. గంజాం జిల్లావారు. 1923లో మదరాసు విశ్వవిద్యాలయ చట్టం వచ్చి దాని పాలక సభల్లో ఎక్కువ వర్గాల వాళ్ళకు చోటు దొరికింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది. డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి ఉపాధ్యక్షులు. ఆయన కూడా శాసనసభలో చదువుల గురించి పోరాడినవారే. బెజవాడలో మొదలైన ఆ విశ్వవిద్యాలయం తరువాత వాల్తేరు చేరింది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు దానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు.

విశ్వవిద్యాలయానికీ చదువు ఖర్చుకూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. పై చదువు ఖర్చులో కాలేజీ జీతం ఒక భాగమే. విజయనగరం వైపు పల్లె నుంచి ఒక కుర్రవాడు పెద్ద చదువుకు మదరాసు రావాలంటే రైలు చార్జీ, గది అద్దె, పూటకూళ్ళ ఇంటి ఖర్చు, సెలవులకు ఇంటికి పోయి రావడం, అన్నీ కలిస్తే నాన్నగారి పొలం తాకట్టుకు వెళ్ళేది. చదువు ఊరికి దగ్గరగా వస్తే ఆ ఖర్చు తగ్గుతుంది. కాబట్టి దూరం కూడా ఒక రకం ఫీజే. కాలేజీలు చవక కావాలంటే ఒక దారి జీతం తగ్గించడం, రెండో దారి దూరం తగ్గించడం. 1926లో జరిగింది రెండోది.

ఇక కథలో చేదు భాగం. ఆ ఐదు బడుల్లో సంఖ్య రెట్టింపు అయిందని చెప్పాను కదా? 1925 ఏప్రిల్ 1 నుంచి పథకానికి గండి పడింది. కారణం కరువు కాదు, అవినీతి కాదు. ప్రాథమిక విద్యా నిధి నుంచి ఫలహారానికి ఖర్చు చేయడం కుదరదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. నిధి పేరులో విద్య ఉంది, ఇడ్లీ లేదు. బల్ల కొనవచ్చు, పలక కొనవచ్చు, ఆ పలక పట్టుకునే పిల్లవాడికి తిండి పెట్టకూడదు! పద్దు పుస్తకంలో ఒక శీర్షిక దగ్గర ఆ పిల్లల ఫలహారం ఆగిపోయింది. ఆ ఏడాదే త్యాగరాయ చెట్టి గారు కన్నుమూశారు.

సర్కారు లెక్కల్లో ఇది కొత్త సంగతి కాదు. మా బడిలో కూడా కొన్నేళ్ళ క్రితం సున్నానికి డబ్బు వచ్చింది, సుద్దముక్కలకు రాలేదు. అలాంటప్పుడు ఉపాధ్యాయులం చందాలు వేసుకుంటాం. కాని 1,671 మంది పిల్లల ఫలహారానికి చందాలు ఎన్నాళ్ళు వస్తాయి?

చరిత్ర చెప్పేటప్పుడు ఒక పక్షమే చెబితే అది భజన అవుతుంది. కనుక ఇంకో మాట కూడా చెప్పాలి. 1920 ఎన్నికల్లో ఆస్తి ఉన్న వాళ్ళకు, పన్ను కట్టే వాళ్ళకు మాత్రమే ఓటు ఉండేది. థౌజండ్ లైట్స్ బడి పిల్లల తండ్రుల్లో ఎంతమందికి ఓటు ఉండి ఉంటుంది? జస్టిస్ పార్టీ ఇంగ్లీషు ప్రభుత్వానికి దగ్గరగా ఉన్నదన్న విమర్శ ఆనాడే ఉంది. 1921లో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల సమ్మె సమయంలో పుళియంతోపులో అల్లర్లు జరిగాయి. ఆ కాలంలో పార్టీ నాయకులు దళితుల పక్షాన నిలబడలేదని ఎం.సి. రాజా గారు బాధపడి 1923లో పార్టీని విడిచిపెట్టారు. అందరికీ న్యాయం అని పేరు పెట్టుకున్న చోట అట్టడుగున ఉన్నవాళ్ళకు న్యాయం దక్కలేదని అనిపించడం చిన్న విషయం కాదు. మరోవైపు మదరాసు శాసనసభ 1921లోనే స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. మంచీ చెడూ రెండూ ఒకే సభలో ఉన్నాయి. అణా ఫలహారం మంచి పని. అది ఆ కాలపు తప్పులను కప్పదు. ఆ తప్పులు కూడా అణా ఫలహారాన్ని చెరిపివేయవు.

ఆ అణా తరువాత ఏమైంది? 1956లో కామరాజ్ గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు రాష్ట్రమంతటా బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. విద్యాశాఖ అధికారి నె.దు. సుందరవడివేలు గారు ఆయనకు కుడిభుజం. 1982 జూలై 1న ఎం.జి. రామచంద్రన్ గారు దానిని పౌష్టికాహార పథకంగా పెంచారు. దేశమంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. 2022 సెప్టెంబరు 15న తమిళనాట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఉదయం ఫలహారం కూడా ఆరంభించారు. సెప్టెంబరు నెలే గమనించండి. 1920 సెప్టెంబరులో తీర్మానం, 2022 సెప్టెంబరులో మళ్ళీ ఫలహారం. మధ్యలో నూట రెండేళ్ళు. ఇక బాలలకు ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం అమలులోకి వచ్చిన తేదీ 2010 ఏప్రిల్ 1. థౌజండ్ లైట్స్ ఫలహారం ఆగిన తేదీ కూడా ఏప్రిల్ 1. ఇది కాకతాళీయమే. అయినా మా పిల్లలకు ఈ రెండు తేదీలూ పక్కపక్కన రాసి చూపిస్తుంటాను. మంచి పని మొదలవడానికీ ఆగడానికీ క్యాలెండరులో ఒకే గడి చాలు.

కాలేజీల విషయంలోనూ మెట్లు పడుతూ వచ్చాయి. కుటుంబంలో మొదటి పట్టభద్రులయ్యే వాళ్ళకు వృత్తి విద్యా కోర్సుల్లో ట్యూషన్ ఫీజు రాయితీ తమిళనాట 2010లో వచ్చింది. ప్రభుత్వ బడిలో చదివి కాలేజీలో చేరిన ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలిచ్చే పుదుమైపెణ్ పథకం 2022లోనూ, మగపిల్లలకు తమిళ్ పుదల్వన్ పథకం 2024లోనూ మొదలయ్యాయి.

ఈ వేయి రూపాయల విలువ నాకు ఒక తల్లి నేర్పింది. ఈ నగరంలో తెల్లవారుజామునే వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయని మీకు తెలుసు. అటువంటి ఇంటి అమ్మాయి మా దగ్గర చదివి ప్లస్ టూ మంచి మార్కులతో పాసైంది. కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు ఎక్కువేమీ కాదు. అయినా చేర్చలేదని తెలిసి నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. "ఫీజు కట్టలేక కాదు టీచరమ్మా," అంది వాళ్ళమ్మ. "అది ఇంట్లో ఉంటే తమ్ముణ్ణి చూసుకుంటాది, నేను ఇంకో రెండిళ్ళల్లో పాత్రలు తోముకుంటాను. అది కాలేజికి పోతే ఆ రెండిళ్ళూ పోతాయి. పైగా దానికి రెండు జతల బట్టలైనా కొనాల గదమ్మా!" నేను చెప్పదలచుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. మగ్గం దగ్గర కండెలు చుట్టే పిల్లవాడి లెక్కా, ఈ తల్లి లెక్కా ఒకటే. నూరేళ్ళలో మగ్గం పోయింది గాని లెక్క పోలేదు.

ఆ సమయంలో నెలనెలా ఇచ్చే డబ్బు గురించి చెప్పి, దరఖాస్తు నింపించి, బ్యాంకు ఖాతా తెరిపించాం. అందులో ఎక్కువ కష్టం డబ్బు తేవడం కాదు, కాగితాలు తేవడం. రేషను కార్డులో పేరు ఒక రకంగా ఉంది, మార్కుల జాబితాలో ఇంకో రకంగా ఉంది. తెలుగు పేరు తమిళంలో రాసి, దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చేసరికి ఆ అమ్మాయి ముగ్గురమ్మాయిలైంది. ఆ ముగ్గురినీ ఒకరిని చేయడానికి మాకు మూడు వారాలు పట్టింది. అమ్మాయి కాలేజీలో ఆలస్యంగా చేరింది. మొదటి నెల డబ్బు పడిన రోజు వాళ్ళమ్మ బడి గేటు దగ్గర నిలబడి ఉంది. "అది ఆ డబ్బు ముట్టుకోనీదు టీచరమ్మా, బస్సుకి, పుస్తకాలకి అంటాది" అని ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు చేస్తూ నవ్వింది.

పథకం ప్రకటించే వాళ్ళు ఉంటారు, అమలు చేసే వాళ్ళు ఉంటారు. ఈ ఇద్దరి మధ్యా ఒక శీర్షిక, ఒక కాగితం, ఒక అక్షరం తేడా ఉంటే చాలు, పిల్లవాడు ఆగిపోతాడు. 1925లో నిధి శీర్షిక దగ్గర ఆగిపోయారు. ఈనాడు పేరులో అక్షరం దగ్గర ఆగిపోతున్నారు. త్యాగరాయ చెట్టి గారి వంటి పెద్దలు సభలో కూర్చుని చేయవలసిన పని ఒకటి ఉంది. ఆ తీర్మానం పిల్లవాడి దాకా చేరిందా లేదా అని చూడడం మాత్రం మీరూ నేనూ చేయవలసిన పని.

త్యాగరాయ చెట్టి గారిని తమిళులు 'వెళ్ళుడై వేందర్' అంటారు, అంటే తెల్లబట్టల రాజు. 1922 జనవరిలో వేల్సు యువరాజు మదరాసు వచ్చినప్పుడు కూడా కార్పొరేషన్ అధ్యక్షులుగా తన తెల్లని దేశవాళీ దుస్తులతోనే స్వాగతం చెబుతానన్నారని చెబుతారు. నేతగాడు తన నేతను దాచుకోలేదు. పాత వణ్ణారపేటలో ఆయన పేరుతో కళాశాల ఉంది. మన తెలుగు పిల్లలు ఎందరో ఆ చుట్టుపక్కల వీధుల్లోనే పెరిగారు. ఊరికి పేరు, పార్కు పక్కన రోడ్డు, భవనం ముందు విగ్రహం, ఇవన్నీ బాగున్నాయి. వీటికన్నా ఆయనకు దగ్గరి జ్ఞాపకం ఉదయం ఎనిమిది గంటలకు ఏదైనా కార్పొరేషన్ బడి వంటగదిలోంచి వచ్చే ఉప్మా వాసన అని నాకు అనిపిస్తుంది.

ఈసారి మీరు టి.నగర్ వెళ్ళినప్పుడు మీ పిల్లలకు ఆ అక్షరం ఎవరిదో చెప్పండి. మీ వీధిలో కార్పొరేషన్ బడి ఉంటే ఒక్క ఉదయం లోపలికి వెళ్ళి చూడండి. అక్కడ మీ పిల్లలు చదవకపోయినా ఆ బడి మీదే, మీ పన్నుతో నడిచేదే. ఫలహారం వేళకు వస్తున్నదా, అందరికీ సరిపోతున్నదా, అడగండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మ కూతురు పన్నెండో తరగతి దాటితే, తరువాత ఏం చేస్తున్నదని అడగండి. దరఖాస్తులో ఆ అమ్మాయి పేరు సరిగా ఉందో లేదో ఒకసారి చదివి పెట్టండి. మీ వార్డు సభ్యుడు ఓటుకు వచ్చినప్పుడు బడి పద్దు ఎంత అని అడగండి. అంతకన్నా ముఖ్యంగా, ఆ పద్దు ఏ శీర్షిక కింద ఉందో అడగండి.

"అన్నం బెల్లు ఎప్పుడు?" అని నన్ను అడిగిన పిల్లవాడు ఇప్పుడు ఒక మెకానికు షెడ్డులో పనిచేస్తున్నాడు. పదో తరగతి దాటలేదు. వాడు చదివే రోజుల్లో ఉదయం ఫలహారం లేదు. మొన్న వాడు తన కొడుకును చేర్పించడానికి బడికి వచ్చాడు. "ఇప్పుడు పొద్దున్నే పెడతారంట గదా మిస్?" అన్నాడు. పెడతారు నాయనా అన్నాను. వాడి వెనక నిలబడ్డ పిల్లవాడి చేతిలో కొత్త పలక ఉంది.